తోమ అనాలా, తోమె అనాలా? మందుల కౌంటర్ దగ్గర స్పానిష్ సబ్‌జంక్టివ్

ప్రశ్న: నమస్తే అండీ. మాది గుంటూరు, ఇప్పుడు హ్యూస్టన్‌లో ఫార్మసిస్ట్‌గా చేస్తున్నా. మా దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామంది స్పానిష్ వాళ్ళే, అందుకని యాప్‌లో మొదలుపెట్టి ప్రెజెంట్ టెన్స్, పాస్ట్ టెన్స్ దాకా బానే లాక్కొచ్చా. సబ్‌జంక్టివ్, అదే కోరికలకీ అనుమానాలకీ వాడే క్రియ రూపం, దాని దగ్గర మాత్రం బండి ఆగిపోయింది. టేబుల్ మొత్తం బట్టీ పట్టా, తీరా పొద్దున్నే కౌంటర్ దగ్గర నిలబడితే ఒక్కటీ నోటికి రాదు. నాతో పనిచేసే మెక్సికన్ అమ్మాయిని అడిగితే "అదేంటో నాకూ తెలీదు, చెవికి ఏది బాగుంటే అది అనేస్తా" అంటుంది. అసలు ఇది రాకపోతే కొంపలేం మునిగిపోవు కదా, మామూలు ప్రెజెంట్‌తో లాగించెయ్యొచ్చా? ఒక ఫ్రెండ్ అయితే డెలే అనే స్పానిష్ సర్టిఫికెట్ పరీక్ష రాయమని పట్టుబడుతోంది, రాయాలంటారా?

జవాబు: లాగించెయ్యొచ్చా అన్నారు కాబట్టి ముందు దానికే చెప్తా. చాలా చోట్ల లాగించెయ్యొచ్చండీ, మీరు తప్పు రూపం వాడినా అవతల పెద్దావిడ తల ఊపి మందు తీసుకుని వెళ్ళిపోతుంది, ఎవరూ ఆపి గ్రామర్ దిద్దరు. కానీ మీరు పనిచేసేది మందుల షాపులో, అక్కడ చివరి అచ్చు ఒక్కటి మారితే మాట మొత్తం మారిపోయే సందర్భాలు కొన్ని ఉన్నాయి, కనీసం వాటికోసమైనా నేర్చుకోవాలి. ఇంకో సంగతి, మీకు రాదనుకుంటున్నారు గానీ రోజూ వాడుతూనే ఉండి ఉంటారు. "ఎస్పేరె ఉన్ మొమేంతొ" అంటారా లేదా? "ఫీర్మె అకీ" అని సంతకం పెట్టించుకుంటారా లేదా? కాసేపు ఆగండి, ఇక్కడ సంతకం పెట్టండి. ఆ ఎస్పేరె, ఆ ఫీర్మె రెండూ మీరు భయపడుతున్న సబ్‌జంక్టివ్ రూపాలే, కాకపోతే మీ యాప్ వాటిని మర్యాద ఆజ్ఞలు అని వేరే పాఠంలో పెట్టి ఉంటుంది, అందుకని చుట్టరికం తెలీలేదు.

(స్పానిష్ మాటలు తెలుగులో రాస్తున్నా కదా, దీర్ఘం ఎక్కడుంటే అక్కడ ఒత్తి పలకండి, మిగతావి పొట్టిగా. ఎస్పేరె అంటే పే మీద బరువు. ఇది కింద పనికొస్తుంది.)

మన మీరు, నువ్వు లాగానే వాళ్ళకి ఉస్తేద్, తూ ఉన్నాయి, అది మీకు తెలిసిందే. ఉస్తేద్ అనే మాట పాతకాలపు "బ్వేస్త్ర మెర్సేద్" నుంచి వచ్చింది, అంటే తమరి దయ, తమరివారు అన్నట్టు, ఎదురుగా ఉన్న మనిషిని కూడా ఎవరో మూడో మనిషి గురించి చెప్తున్నట్టు చెప్పడం. అందుకే ఉస్తేద్‌కి క్రియ ఎప్పుడూ ఆయన, ఆమె రూపంలోనే వస్తుంది. మరి అలాంటి మనిషికి నేరుగా "చెయ్" అని ఆర్డర్ ఎలా వేస్తాం, "తమరు చేయాలని" అన్నట్టు కోరికగా చెప్తాం, ఆ కోరిక రూపమే సబ్‌జంక్టివ్. మర్యాదగా చెప్పే ప్రతి ఆజ్ఞా అదే కావడానికి కారణం ఇది. హ్యూస్టన్‌లో మెక్సికో వాళ్ళే కాదు ఎల్ సాల్వడార్, హోండురస్ వాళ్ళూ బాగా ఉంటారు, వాళ్ళలో చాలామంది తూ బదులు బోస్ అంటారు, దానికి ఆజ్ఞ రూపాలు మళ్ళీ వేరు, ఆ గొడవంతా మీకొద్దు. కౌంటర్ దగ్గర అందరికీ ఉస్తేద్ వాడేయండి, ఎవరూ నొచ్చుకోరు. డెబ్భై ఏళ్ళావిడకి "తోమ" అన్నారనుకోండి, "వేసుకో" అన్నట్టే, అర్థమవుతుంది గానీ గుంటూరులో మీరు ఒక పెద్దావిడతో అలా అంటారా? "తోమె" అంటే "వేసుకోండి". ఇంతవరకు వస్తే సగం పని అయిపోయినట్టే.

ఇక ఈ తోమె అనే ఒక్క మాటనే పట్టుకుందాం, మీ వృత్తిలో దీన్ని మించిన క్రియ లేదు. తొమార్, అంటే తీసుకోవడం, వేసుకోవడం, తాగడం (మన చెవికి అంట్లు తోమడం గుర్తొస్తే నేనేం చెయ్యలేను). మెక్సికో వైపు ఎవరినైనా ఊరికే "ఉస్తేద్ తోమ?" అని అడిగితే మందు కొడతారా అని అడిగినట్టు, మనకి మందు అన్న మాట ఎలా రెండు పనులు చేస్తుందో వాళ్ళకి తోమ అలాగ, కాబట్టి మాత్ర సంగతి అడిగేటప్పుడు మాత్ర పేరు పక్కన పెట్టి అడగండి. "నేను వేసుకుంటా" అంటే తోమొ. చివరి ఒ తీసేసి ఎ పెడితే తోమె, నేనుకీ అదే, ఆయనకీ అదే, మీరుకీ అదే. నువ్వుకి తోమెస్, మనంకి తొమేమొస్, మీరందరూ, వాళ్ళు అన్నదానికి తోమెన్. అయిపోయింది. మీ టేబుల్‌లో తొమేయిస్ అని ఇంకోటి ఉంటుంది, అది స్పెయిన్‌లో స్నేహితుల గుంపుతో మాట్లాడేటప్పటి రూపం, మీ కౌంటర్‌కి దాంతో పనిలేదు, కొట్టేయండి. అంటే బట్టీ పట్టాల్సింది ఆరు కాదు, నాలుగు, అందులోనూ రోజంతా మీ నోట్లో ఆడేది తోమె, తోమెన్ రెండే.

ఎర్, ఈర్‌తో అయ్యే క్రియలకి దీనికి ఎదురు. కోమొ అంటే తింటా, ఒ తీసి అ పెడితే కోమ. కోమ, కోమస్, కొమామొస్, కోమన్. (తెలుగులో కోమ అనగానే ఐసీయూ గుర్తొస్తుంది, వాళ్ళకీ ఆ అర్థం ఉందిలెండి, కామా గుర్తుకీ అదే మాట.) ఎస్క్రీబొ నుంచి ఎస్క్రీబ, అంటే రాయండి. ఆబ్రొ నుంచి ఆబ్ర, తెరవండి. లేఒ నుంచి లేయ, చదవండి. బేబొ నుంచి బేబ, తాగండి. మామూలుగా అ పలికే క్రియకి ఎ వస్తుంది, ఎ పలికే క్రియకి అ వస్తుంది, అచ్చులు ఇళ్ళు మార్చుకున్నాయంతే. స్పానిష్ చెవికి ఈ మార్పే సిగ్నల్, "ఇది జరుగుతున్న విషయం కాదు, ఎవరో కోరుకుంటున్న, అనుమానిస్తున్న, ఇంకా జరగని విషయం" అని.

నేను రూపం నుంచే ఎందుకు మొదలెట్టాలి, అసలు క్రియ నుంచి చేసుకోవచ్చుగా అని అనిపించొచ్చు. రెగ్యులర్ వాటికి ఎలా చేసినా ఒకటే, కానీ నేను రూపం అలవాటు చేసుకుంటే బోలెడు వంకర క్రియలు కూడా ఫ్రీగా వచ్చేస్తాయి. తేంగొ నుంచి తేంగ, ఆగొ నుంచి ఆగ, దీగొ నుంచి దీగ, త్రాయ్‌గొ నుంచి త్రాయ్‌గ. "త్రాయ్‌గ సు తర్హేత దెల్ సెగూరొ", మీ ఇన్సూరెన్స్ కార్డు తీసుకురండి. పూర్తిగా మొండికేసేవి అరడజనే, వాటిని గుర్తుపట్టడం కూడా తేలికే, వాటి నేను రూపం ఒ తో అంతమవదు. సోయ్, ఎస్తోయ్, దోయ్, బోయ్, ఎ, సే. తీయడానికి ఒ ఏ లేనప్పుడు పాపం అవి మాత్రం ఏం చేస్తాయి, వాటి దారి అవి చూసుకున్నాయి, సేయ, ఎస్తే, దే, బాయ, ఆయ, సేప. ఇవి తర్వాత మెల్లగా వస్తాయి.

పుస్తకాల్లో స్పెల్లింగ్ మార్పులు అని ఒక చాప్టర్ పెట్టి భయపెడతారు, కార్, గార్, సార్ తో అయ్యేవాటికి అక్షరాలు మారతాయి అని. మనకి ఇక్కడ చిన్న అదృష్టం ఉంది. మస్తికార్ అంటే నమలడం, "నొ మస్తీకె" అంటే నమలకండి. త్రగార్ అంటే మింగడం, "త్రాగె" అంటే మింగండి. యెగార్ అంటే చేరడం, దాని రూపం యేగె. అప్లికార్ అంటే పూయడం, అప్లీకె. తెలుగులో రాసి చూడండి, క క గానే ఉంది, గ గ గానే ఉంది, ఎక్కడా ఏమీ మారలేదు. లాటిన్ లిపిలో సి పక్కన ఇ వస్తే స అయిపోతుంది కాబట్టి క శబ్దాన్ని కాపాడుకోడానికి వాళ్ళు క్యూ యు తెచ్చుకుంటారు, గ కోసం మధ్యలో యు దూరుస్తారు. మార్పు రాతలోనే, నోట్లో కాదు. మీరు మాట్లాడ్డానికి నేర్చుకుంటున్నారు కాబట్టి ఆ చాప్టర్‌ని రాయాల్సి వచ్చినప్పుడు చూసుకోండి.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం, ఒక్క అచ్చుతో మాట తిరగబడడం. తల్లికి మందులు తీసుకోడానికి కూతురు వచ్చిందనుకోండి. మీరు డోసు అడిగారు. ఆ అమ్మాయి "ఎల్ దొక్తోర్ దీసె కె తోమ దోస్" అంటే, రెండు వేసుకుంటోందని డాక్టర్ అంటున్నారు. అదే "ఎల్ దొక్తోర్ దీసె కె తోమె దోస్" అంటే, రెండు వేసుకోమని డాక్టర్ అంటున్నారు. మొదటిది ఇప్పుడు జరుగుతున్న సంగతి, రెండోది డాక్టర్ ఇచ్చిన ఆదేశం, రెండింటికీ మీ కంప్యూటర్‌లో మీరు చేసే పని వేరు. ఇంగ్లిష్ ద్వారా నేర్చుకునేవాళ్ళకి ఇది చాలా కాలం ఎక్కదు, మనకి ఎక్కాలి, ఎందుకంటే "వేసుకుంటోందని", "వేసుకోమని" అని మనం కూడా క్రియ చివర్లోనే ఈ తేడా చూపిస్తాం. దీసె కె, అంటే "అంటున్నారు అని", దాని తర్వాత మీ తెలుగు మనసులో "-మని" వస్తే సబ్‌జంక్టివ్, ఉత్త "-అని" వస్తే మామూలు ప్రెజెంట్. ఈ ఒక్క పరీక్ష దీసె కె కి ఎప్పుడూ పనిచేస్తుంది. మీ కోవర్కర్ చెవికి బాగున్నది అంటానని చెప్పింది చూడండి, అబద్ధం కాదది, మనం కూడా వేసుకోమని అన్నదాన్ని ఏ సూత్రం చూసి అనం.

"నొ తోమ" కూడా అంతే. "నొ తోమ అల్కోల్" అంటే ఆయన మద్యం తాగరు అని ఆయన గురించి సర్టిఫికెట్ ఇచ్చినట్టు. "నొ తోమె అల్కోల్" అంటే తాగకండి. తోమ అనేది తూ వాళ్ళకి ఆజ్ఞగా కూడా పనికొస్తుందని చెప్పా కదా, అది అవును అన్నప్పుడే, వద్దు అన్నప్పుడు తూ వాళ్ళకి కూడా సబ్‌జంక్టివే, నొ తోమెస్. అంటే స్పానిష్‌లో ఎవరికైనా ఏదైనా వద్దు అని చెప్పాలంటే ఇది లేకుండా పని జరగదు, మరి మీ ఉద్యోగంలో సగం వద్దులే కదా. నొ మనేహె, బండి నడపకండి. నొ మేస్క్లె, కలపకండి. నొ దేహె దె తొమార్, మానేయకండి. ఈ చివరి ఎ ని స్పష్టంగా పలకాలి, ఇక్కడ కూడా మనకో లాభం, ఇంగ్లిష్ వాళ్ళ నోట్లో మాట చివరి అచ్చు నలిగిపోయి అ, ఎ కాని ఏదో శబ్దం వస్తుంది, మన భాషలో మాట చివర అచ్చు నలగదు. అమెరికా వెళ్ళాక యాస కాస్త మారి ఉంటే స్పానిష్ మాట్లాడేటప్పుడు మాత్రం గుంటూరు యాసలోకి వచ్చేయండి. ఒత్తు మాత్రం జాగ్రత్త, తోమె అంటే వేసుకోండి, తొమే అని చివర లాగితే నేను వేసుకున్నా అని అయిపోతుంది.

రెండు సగాలున్న వాక్యాలు చూద్దాం, యాప్‌లో మిమ్మల్ని ఏడిపించేది ఇవే అయ్యుంటాయి. "క్యేరొ తొమార్ కఫే", నాకు కాఫీ తాగాలనుంది. కోరేదీ నేనే, తాగేదీ నేనే, అసలు క్రియ అలాగే పెట్టేస్తాం. "క్యేరొ కె తోమె", మీరు వేసుకోవాలని నా కోరిక. కోరే మనిషి ఒకరు, చేసే మనిషి ఇంకొకరు, మధ్యలో కె వచ్చి కూర్చుంది, దాని తర్వాత క్రియ సబ్‌జంక్టివ్. కౌంటర్ దగ్గర క్యేరొ కొంచెం అధికారంగా ఉంటుంది కాబట్టి "నెసెసీతొ కె" తో మొదలెట్టండి, నెసెసీతొ కె ఫీర్మె, మీరు సంతకం పెట్టాలండీ. మందు గురించి అయితే "లె రెకొమ్యేందొ కె", లె రెకొమ్యేందొ కె తోమె ల పస్తీయ కొన్ కొమీద, మాత్ర భోజనంతో వేసుకోమని నా సలహా. యాంటీబయాటిక్ ఇచ్చేటప్పుడు "ఎస్ ఇంపొర్తాంతె కె తెర్మీనె తోదొ", మొత్తం పూర్తిచేయడం ముఖ్యం. చూశారా, వెనక సగం మారలేదు, మీరు ముందు నుంచే అంటున్న తోమె, ఫీర్మె, తెర్మీనె లకే ముందొక తోక తగిలించాం. అందుకే ఆజ్ఞలు వచ్చినవాళ్ళకి సబ్‌జంక్టివ్ వచ్చినట్టే అంటాను నేను.

చిన్న తేడా ఒకటుంది, దాన్ని, వాటిని అనే లొ, ల ఎక్కడ పెట్టాలన్నది. వేసుకోండి అని నేరుగా చెప్తే వెనక అతుక్కుంటుంది, తోమెల. వద్దు అన్నా, కె వచ్చినా ముందుకొచ్చేస్తుంది, నొ ల తోమె, లె రెకొమ్యేందొ కె ల తోమె. ఒకట్రెండు రోజులు పైకి అనుకుంటే నాలుక పట్టేస్తుంది.

క్వాందొ అంటే -నప్పుడు. ఇక్కడ చాలామంది తడబడతారు, ఎందుకంటే దీని తర్వాత ఒకసారి మామూలు ప్రెజెంట్ వస్తుంది, ఒకసారి సబ్‌జంక్టివ్ వస్తుంది. ఒకావిడ వచ్చి "క్వాందొ తోమొ అస్పిరీన, మె ఆర్దె ఎల్ ఎస్తోమగొ" అంది, ఆస్పిరిన్ వేసుకున్నప్పుడల్లా కడుపులో మంట. మీరు "క్వాందొ యేగె సు మెదిసీన, లె యమామొస్" అన్నారు, మీ మందు రాగానే ఫోన్ చేస్తాం. ఆవిడది మళ్ళీ మళ్ళీ జరిగిన అనుభవం, మీది ఇంకా జరగనిది, రేపు రావచ్చు ఎల్లుండి రావచ్చు. తెలుగులో "-నప్పుడల్లా" అని అల్లా తగిలించగలిగితే మామూలు ప్రెజెంట్ వాడండి, "రాగానే", "అయిపోయాక" అని ముందు జరగబోయేదిగా అనిపిస్తే సబ్‌జంక్టివ్. ఆస్త కె, అంటే అయ్యేదాకా, ఇదీ ఇదే లెక్కలో నడుస్తుంది. అదే పార కె అయితే ఆలోచించక్కర్లేదు, ఏదైనా జరగాలని, జరక్కూడదని చెప్పేదే అది, ఎప్పుడూ సబ్‌జంక్టివే. "పార కె నొ లె ఆర్ద ఎల్ ఎస్తోమగొ", కడుపులో మంట రాకుండా. "పార కె లె బాహె ల ఫ్యేబ్రె", జ్వరం తగ్గడానికి. పేషెంట్ ఎందుకు అని అడిగే ప్రతి ప్రశ్నకి ఈ పార కె తోనే జవాబు మొదలవుతుంది కాబట్టి దీన్ని బాగా రుద్దుకోండి.

ఇప్పుడొక గుంట ఉంది, మనవాళ్ళే ఎక్కువ పడేది. సి, అంటే -తే. మనకి "మందు వస్తే ఫోన్ చేస్తాం" అన్నా, "మందు వచ్చాక ఫోన్ చేస్తాం" అన్నా పెద్ద తేడా ఉండదు, పైగా వస్తుందో రాదో తెలీని విషయం కాబట్టి సి తర్వాత సబ్‌జంక్టివ్ రావాలి కదా అని లాజిక్ లాగుతాం. రాదు. సి తర్వాత ప్రెజెంట్ సబ్‌జంక్టివ్‌కి చోటు లేదు, ఎంత అనుమానమున్నా సరే. "సి తోమ ఓత్ర మెదిసీన, దీగమె", వేరే మందు ఏదైనా వేసుకుంటుంటే చెప్పండి. ముందు సగంలో తోమ, వెనక సగంలో దీగ, ఒకే వాక్యంలో ఒకటి మామూలుది, ఒకటి సబ్‌జంక్టివ్. ఇది లాజిక్‌కి అందదు, వాడుక అంతే, మీ ఫార్మసీ పనికి కూడా పక్కాగా కావాల్సిన వాక్యం కాబట్టి దీన్నే నమూనాగా పెట్టుకోండి, ప్రెజెంట్‌లో చెప్పే మిగతా సి వాక్యాలన్నీ దీన్ని చూసే వస్తాయి.

అనుమానాల సంగతికొస్తే ఇన్సూరెన్స్ కంటే మంచి ఉదాహరణ అమెరికాలో దొరకదు. "క్రేఒ కె ఎల్ సెగూరొ లొ కూబ్రె", ఇన్సూరెన్స్ కవర్ చేస్తుందనే అనుకుంటున్నా. "నొ క్రేఒ కె ఎల్ సెగూరొ లొ కూబ్ర", కవర్ చేస్తుందని అనుకోను. అనుకుంటున్నా అంటే నమ్ముతున్నట్టే కాబట్టి మామూలు రూపం, నొ తగిలిందో అచ్చు మారిపోయింది. ఇంగ్లిష్‌లో రెండు చోట్లా కవర్స్ అనే అంటారు, అందుకే ఇంగ్లిష్‌లో ఆలోచించి స్పానిష్‌లోకి మార్చేవాళ్ళు నొ క్రేఒ తర్వాత కూబ్రె అనే అంటుంటారు. తప్పు పడితే డబ్బేం పోదు గానీ విన్నవాళ్ళకి కాసేపు మీరు కవర్ అవుతుందన్నారా కాదన్నారా అన్న తికమక ఉంటుంది, బిల్లు దగ్గర ఆ తికమక ఎందుకు.

ఇంకో జత చెప్తా, ఇది మీరు రోజూ వింటూ ఉండాలి. తలుపు తీసుకుని లోపలికొచ్చి "ఆయ్ ఆల్గ్యెన్ కె ఆబ్లె ఎస్పన్యోల్?" అని అడుగుతారు, స్పానిష్ మాట్లాడేవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని. ఆబ్లె. ఉన్నారో లేరో తెలీదు, ఆ మనిషి ఇంకా ఊహలోనే ఉన్నాడు, అందుకే. మీరు మీ కోవర్కర్‌ని చూపిస్తూ "సీ, ఆయ్ ఊన కొంపన్యేర కె ఆబ్ల ఎస్పన్యోల్" అంటారు. ఆబ్ల, ఎందుకంటే ఆ అమ్మాయి ఉంది, అక్కడే నిలబడి లేబుల్ అతికిస్తోంది. పాపం ఎవరూ లేని రోజైతే "నొ ఆయ్ నాద్యె కె ఆబ్లె", లేని మనిషి కాబట్టి మళ్ళీ ఆబ్లె. ఇల్లు వెతికేవాళ్ళు, ఉద్యోగానికి మనిషి కావాలనేవాళ్ళు, చక్కెర లేని సిరప్ అడిగేవాళ్ళు, అందరూ ఈ పద్ధతిలోనే అడుగుతారు, కావాలి గానీ ఎదురుగా లేదు.

దీవెనల దగ్గర మాత్రం మీకు పాఠం అక్కర్లేదు. "కె సె మెహోరె", కోలుకోండి. "కె దెస్కాన్సె", విశ్రాంతి తీసుకోండి. పెద్దావిడలు మందు తీసుకుని వెళ్తూ "కె ద్యోస్ ల బెందీగ" అంటారు, దేవుడు మిమ్మల్ని చల్లగా చూడుగాక. ముందు కోరుకుంటున్నా అన్న సగం మింగేసి కె తో మొదలెట్టేస్తారు, మన పెద్దవాళ్ళు శుభం కలుగుగాక అన్నట్టే. ఒహలా కూడా ఈ జాతిదే, అరబ్బులు స్పెయిన్‌ని ఏలిన కాలంలో వచ్చి స్థిరపడిన మాట, మూలంలో దేవుడు తలిస్తే అని అర్థం, ఇప్పుడు మతంతో సంబంధం లేకుండా అందరూ అంటారు. "ఒహలా కె లె అయూదె", మీకు గుణం ఇవ్వాలని ఆశ. రోజుకోసారైనా మీరు వాళ్ళకి కె సె మెహోరె అనండి, గ్రామర్ సంగతి అటుంచితే మనుషులు మళ్ళీ మీ కౌంటర్‌కే వస్తారు.

ప్రాక్టీస్ ఎలా అంటే, ఆ టేబుల్ పక్కన పడేయండి. పడుకునే ముందు ఆబ్లె ఆబ్లెస్ అని జపం చేస్తే పొద్దున కౌంటర్ దగ్గర రాదు, ఎందుకంటే కౌంటర్ దగ్గర ఎవరూ మిమ్మల్ని ఆబ్లె ఆబ్లెస్ అని అడగరు. మీరు నిజంగా ఇంగ్లిష్‌లో రోజూ చెప్పే మాటలు ఒక కాగితం మీద రాసుకోండి, ఆగండి, సంతకం పెట్టండి, భోజనంతో వేసుకోండి, నమలకండి, అయిపోయాక ఫోన్ చేయండి, కారు నడపకండి. వాటిని ఉస్తేద్ ఆజ్ఞలుగా మార్చి మీ కోవర్కర్‌కి చూపించండి, సూత్రం తెలీకపోయినా తన చెవి పట్టేస్తుంది ఏది తప్పో, అంత మంచి చెవి పక్కనుంటే యాప్ ఎందుకు. అవి నోటికొచ్చాక ప్రతిదానికీ ముందు నెసెసీతొ కె, లె రెకొమ్యేందొ కె తగిలించండి. పార కె, క్వాందొ తర్వాత వస్తాయి. రూట్ మారే క్రియలు, అంటే ప్యేన్సె, ద్వేర్మ లాంటివి, ఎదురైనప్పుడు ఒక్కోటి నేర్చుకోండి, వాటిలో కూడా అచ్చుల మార్పిడి ఇదే.

ఒక మాట మాత్రం గట్టిగా చెప్తా. డోసు, ఎలర్జీ, రెండు మందులు కలిస్తే వచ్చే ప్రమాదం, ఇలాంటివి చెప్పేటప్పుడు మీ స్పానిష్ ఎంత బాగున్నా ఇంటర్‌ప్రెటర్‌ని పెట్టుకోండి, లేదా బాగా వచ్చిన కోవర్కర్‌ని పిలవండి. ఇంగ్లిష్ లేబుల్ మీద రోజుకి ఒకసారి అని చెప్పే వన్స్ ఉంటుంది కదా, అదే స్పెల్లింగ్ స్పానిష్‌లో ఓన్సె, అంటే పదకొండు, సగం సగం అనువాదం చేసిన లేబుళ్ళలో ఈ మాట అలాగే మిగిలిపోవడం గురించి అమెరికాలో చాలాకాలంగా హెచ్చరిస్తూనే ఉన్నారు. అందుకని చీటీ మీద ఊన బేస్ అల్ దీయ అని ఉందో లేదో ఒక చూపు చూడండి.

డెలే గురించి. మీ పనికి అది అక్కర్లేదు, కౌంటర్‌కి వచ్చే ఆవిడ సర్టిఫికెట్ అడగదు. రేపు హాస్పిటల్ ఉద్యోగానికో దేనికో కాగితం కావాలనుకుంటే అప్పుడు బీ1, అంటే మధ్యస్థాయి పరీక్ష, రాయండి, ప్రెజెంట్ సబ్‌జంక్టివ్ అసలు వచ్చేది ఆ స్థాయిలోనే. ఆ పరీక్ష స్పెయిన్‌కి చెందిన ఇన్‌స్తితూతొ సెర్వాంతెస్ పెట్టేది, కాబట్టి వినిపించే ఆడియోలో స్పెయిన్ వాళ్ళ మాటా ఉంటుంది, పైన కొట్టేయమన్న తొమేయిస్, కొమాయిస్ లని అప్పుడు మాత్రం వింటే గుర్తుపట్టేంత వరకు చూసుకోండి, పలకాల్సిన పని లేదు.